మార్ఫీను - మరణపత్రం

గసగసాల కాయను గాటుపెడితే కారే పాలు ఎండి నల్లమందు అవుతుందని మనకు తెలుసు. 19వ శతాబ్ది ఆరంభంలో జర్మనీకి చెందిన సెర్ట్యూర్నర్ దానినుండి మార్ఫీనును వేరుచేసినాడు. 1874లో లండనులో ఆల్డర్ రైట్ మార్ఫీనునుండి డయామార్ఫీనును తయారుచేసినాడు. హెరాయిన్ అన్నా ఇదే. బ్రిటనులో తీవ్రమైన నొప్పికి వైద్యులు నేటికీ దీనిని వాడుతున్నారు.

ఇది శరీరంలో మార్ఫీనుగా మారి నొప్పిని అణచివేస్తుంది. మోతాదు మించితే మెదడులోని శ్వాసకేంద్రం మందగించి, రోగి నిద్రలోనే మరణిస్తాడు. పైకి గాయం గాని పెనుగులాట జాడ గాని ఉండదు. వృద్ధులైతే సహజ మరణమనే చూచినవారు తలుస్తారు.

ఈ గుణాన్నే హత్యకు వాడుకొన్న వైద్యుడు హెరాల్డ్ షిప్‌మన్. పెథిడీన్ అనే మందును దొంగచీట్లతో సంపాదించి తానే వాడుకొన్నందుకు 1976లో ఇంగ్లండు న్యాయస్థానం అతనికి 600 పౌండ్ల జరిమానా విధించినది. వైద్యమండలి హెచ్చరికతో సరిపెట్టినది. ఇకమీదట అట్టి మందులు తనవద్ద ఉంచుకొననని చెప్పి, 1977లో మాంచెస్టరు సమీపంలోని హైడ్ పట్టణంలో అతడు వైద్యం ప్రారంభించినాడు. మందు నిల్వ లేదన్నాడు గనుక రిజిస్టరు వ్రాయలేదు. రిజిస్టరు లేదు గనుక తనిఖీ జరుగలేదు.

మరి మందు ఎట్లు చిక్కినది? రోగుల పేర చీట్లు వ్రాసి కొంత దాచుకొనేవాడు. క్యాన్సరు రోగి మరణిస్తే మిగిలిన మందును పారవేస్తానని తీసుకొనిపోయేవాడు. తరువాత మరణకారణం వ్రాసి సంతకం చేసేదీ అతడే. దహనానికి రెండవ వైద్యుని సంతకం కావలసి ఉన్నా, ఆ వైద్యుడు ఇతని మాటనే నమ్మేవాడు.

1998 మార్చిలో పొరుగు వైద్యురాలొకరు ఈ మరణాల సంఖ్యను గమనించి, మరణాలను విచారించే అధికారియైన కరోనరుకు తెలిపినది. పోలీసులు విచారించి ఆధారం లేదని ముగించినారు. ఆపైన మరి ముగ్గురు హతులైనారు. వారిలో చివరి వ్యక్తి 81 ఏండ్ల వృద్ధురాలు. ఆమె ఆస్తి వైద్యునికి చెందాలన్న వీలునామాను చూచి, న్యాయవాదియైన కుమార్తె అనుమానించినది. పూడ్చిన దేహాన్ని వెలికితీసి పరీక్షింపగా తొడ కండరంలో మార్ఫీను బయటపడినది. ఆమెకు మత్తుమందు అలవాటున్నట్లు షిప్‌మన్ కంప్యూటరులో వ్రాసిపెట్టినాడు; కాని ఆ వ్రాతలకు పాత తేదీలు వేసినట్లు యంత్రమే నమోదు చేసియున్నది.

2000 జనవరి 31న 15 హత్యలకు అతడు దోషి అని తేలినది. 2004లో చెరసాలలో ఆత్మహత్య చేసుకొన్నాడు. న్యాయమూర్తి జానెట్ స్మిత్ విచారణ సంఘం 2002లో 215 మందిని అతడు చంపినట్లు నిర్ధారించినది. మొత్తం 250 వరకు ఉండవచ్చునని పిమ్మట అంచనా వేసినది.

మందు వ్రాయుట, దాని లెక్క, మరణకారణం ఒకే వ్యక్తి చేతిలో ఉండుటే ఇన్నేండ్లు ఇది దాగుటకు కారణం. 2006 చట్టం ఇట్టి మందులపై బాధ్యతగల అధికారులను నియమింపజేసినది. కరోనరు విచారణకు పోని ప్రతి మరణాన్నీ మరొక స్వతంత్ర వైద్యుడు పరిశీలించాలనే నియమం మాత్రం ఇంగ్లండు, వేల్సులలో 2024 సెప్టెంబరులో గాని అమలుకు రాలేదు.

ఈ కథ విని మార్ఫీనునే నిషేధించాలనుకొనుట పొరపాటు. అట్లు చేస్తే అంతిమదశలో నొప్పితో అలమటించే రోగికి ఉపశమనం కరవవుతుంది. మందు రోగికి అందుతూనే ఉండాలి. దాని లెక్కను మాత్రం వేరొకరు చూడాలి. నిజాయితీగల వైద్యుడు ఇందుకు అభ్యంతరం చెప్పడు.