రూపాయి బిళ్ళ చెప్పే చరిత్ర

మా అమ్మమ్మ తెనాలి సంతలో కుండ కొనేముందు వేలి కణుపుతో దాని పొట్ట మీద కొట్టి చూసేది. ఖంగుమంటే బేరం, బొంగురుపోతే అక్కడే వదిలేయడం. కంటికందని పగులు చెవికి దొరుకుతుందని నాకు తెలిసింది ఆవిడ దగ్గరే. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు హైదరాబాద్‌లో విమాన భాగాలు చేసే వర్క్‌షాపులో నేను చేసిందీ దాదాపు అదే పని. కార్బన్ ఫైబర్ పొరలు పరవడం, అతికించడం, చిన్న సుత్తితో తట్టి వినడం. రిటైరయ్యాక ఆదివారాలు తెలిసినవాళ్ళు కొనబోయే పాత కార్బన్ సైకిళ్ళు చూసిపెడుతున్నాను.

మొన్న మా మేనల్లుడు ఒకటి తెచ్చాడు. తొమ్మిదేళ్ళ రోడ్ బైక్, ఇంకా నిగనిగలాడుతోంది.

"ఒక్కసారి కూడా పడలేదని అమ్మేవాడు అన్నాడు మావయ్యా. ఇంకా ఎన్నేళ్ళొస్తుంది?"

"దాని వయసెందుకురా, దానికేం జరిగిందో అడుగు" అన్నాను.

అరవై ఏళ్ళ కార్బన్ చరిత్ర నాకు నేర్పిన మాట అది. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో విలియం వాట్ బృందం ఆక్రిలిక్ జాతి దారాన్ని బిగలాగి, మాడ్చి, బలమైన కార్బన్ పోగు తీసింది. పది పోగులు పక్కపక్కన పేరిస్తే ఒక తలవెంట్రుక మందం. లాగితే ఉక్కుకు దీటు, బరువులో దానికి పావు వంతు. రోల్స్‌రాయిస్ వెంటనే తన ఆర్‌బీ211 విమాన ఇంజన్‌కు దీంతో ఫ్యాన్ రెక్కలు చేసింది. 1970లో పక్షి తగిలితే ఏమవుతుందో చూసే పరీక్షలో అవి ముక్కలయ్యాయి. రెక్కలు టైటానియానికి మారాయి. ఆ ఇంజన్ ఖర్చుల భారంతో 1971లో కంపెనీయే దివాలా తీసింది. పోగు వెంబడి లాగితే ఏనుగంత బలం, అడ్డంగా దెబ్బ తగిలితే పెళుసు. ఈ గుణం అప్పుడే లోకానికి తెలిసింది.

సైకిల్ దాకా వచ్చేసరికి ఇంకో చిక్కు ఎదురైంది, అతుకు. 1970ల నడుమ అమెరికాలో ఎక్సాన్ చమురు కంపెనీ అనుబంధ సంస్థ గ్రాఫ్టెక్ అనే సైకిల్ తెచ్చింది. పల్చటి అల్యూమినియం గొట్టాల మీద కార్బన్ చుట్టి, గొట్టాలను కలిపే లోహపు తొడుగుల్లో, అంటే లగ్గుల్లో, జిగురుతో బిగించారు. 1986లో గ్రెగ్ లెమాండ్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన లుక్ సైకిల్ కూడా ఈ వంశందే. కార్బన్, కెవ్లార్ గొట్టాలు, అల్యూమినియం లగ్గులు. ఆ తరం సైకిళ్ళలో గొట్టం గట్టిగానే ఉండేది, అతుకు ఊడేది. కార్బన్, అల్యూమినియం ఆనుకుని ఉన్నచోట చెమట ఉప్పు చేరితే, ఆ జంట చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. విశాఖలో సముద్రపు గాలికి ఉన్న సైకిల్‌లో అల్యూమినియం సీట్ పోస్ట్ కార్బన్ ఫ్రేమ్‌లో బిగుసుకుపోయి, ఎంత తిప్పినా కదలకపోవడం నేను చూశాను. అందుకే పాత సైకిల్ చేతికొస్తే నేను మొదట సీట్ పోస్ట్ బయటికి లాగి చూస్తాను.

అదే 1986లో కాలిఫోర్నియా కంపెనీ కెస్ట్రెల్ లగ్గులే లేకుండా అచ్చులో చేసిన ఫ్రేమ్ తెచ్చింది. అతుకుల బెడద తగ్గింది. ఆ తర్వాత ప్రమాణాలూ వచ్చాయి. ఇప్పటి ఐఎస్ఓ 4210 ప్రకారం పెడల్ తొక్కుడు బరువుతో ఫ్రేమ్‌ను లక్షసార్లు నొక్కి చూస్తారు. సరిగ్గా చేసిన కార్బన్ అలాంటి శ్రమకు అల్యూమినియంలా అలిసిపోదు. దాన్ని దెబ్బతీసేవి అడ్డదెబ్బ, అతిగా బిగించిన బోల్టు, రంగు లేచిపోయినచోట పోగులను పట్టి ఉంచే రెసిన్‌ను కాల్చే ఎండ. లోహం సొట్టపడి తన గాయం చూపిస్తుంది. కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైకి నునుపుగానే ఉంటుంది.

మేనల్లుడి బండి దగ్గరికొస్తే, కుడి బ్రేక్ లివర్ చివర అరిగి ఉంది. గేర్లు మార్చే వెనక డెరెయిలర్ కాస్త లోపలికి వంగింది. ఈ రెండూ ఒకేవైపు కనిపించాయంటే బండి కుడివైపు పడిందన్నమాట. పడినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి ఫ్రేమ్ పై గొట్టాన్ని, అంటే టాప్ ట్యూబ్‌ను, కొడుతుంది. సరిగ్గా ఆ చోట రూపాయి బిళ్ళ అంచుతో తట్టుకుంటూ వెళ్ళాను. టక్, టక్, టక్. రెండు వేళ్ళ వెడల్పున మాత్రం డబ్, డబ్. గుడ్డతో తుడిచి టార్చి పక్కవాటుగా వేస్తే, రంగు కింద గోరంత గీత.

వాడి ముఖం వాడిపోయింది. అమ్మేవాడికి ఫోన్ చేస్తే, పార్కింగ్‌లో స్తంభానికి తగిలి పడిన మాట నిజమేనన్నాడు. అబద్ధమాడాలని కాదు, అది చెప్పాల్సిన సంగతని అతనికి తోచలేదు.

టాప్ ట్యూబ్ బాగవుతుంది. రేసు పడవలు చేసేచోట కార్బన్ పని నేర్చి, లెమాండ్ జట్టుకు ఫ్రేములు చేసిచ్చిన అమెరికన్ క్రెగ్ కాల్ఫీ తర్వాత ఇతరుల ఫ్రేములు బాగుచేయడమే ఒక వృత్తిగా నిలబెట్టాడు. చెడిన పొరలను ఏటవాలుగా సానబట్టి, పోగుల దిశ తప్పకుండా కొత్త పొరలు వేస్తారు. హ్యాండిల్ బార్, ఫోర్క్ సంగతి వేరు. అవి విరిగితే మనిషి ముఖం మీద పడతాడు. పడిన బండివైతే వాటిని మార్చేయడమే. మార్చాక బిగించేది టార్క్ రెంచితోనే, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ మీద 5 న్యూటన్ మీటర్లని రాసి ఉంటే అంతే, చేతి అంచనా పనికిరాదు.

ఆ లెక్కంతా వేసి ధర తగ్గించి కొన్నాడు. నేను వాడికి ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చాను. మా వర్క్‌షాపులో ప్రతి భాగానికీ ఒక కార్డు ఉండేది. ఎప్పుడు చేశారు, ఎప్పుడు దెబ్బతింది, ఎవరు తట్టి చూశారు, అన్నీ అందులో ఎక్కేవి. విమానం ఎన్ని చేతులు మారినా ఆ కాగితాలు వెంటే వెళ్తాయి. సైకిల్ చేయి మారితే దాని గతం మాత్రం పాత యజమాని దగ్గరే ఉండిపోతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

మొదటి పేజీలో స్తంభం దెబ్బ సంగతి నేనే రాశాను. ఈ బండి అమ్మేరోజు ఈ పుస్తకం కూడా ఇచ్చేయాలని వాడిచేత మాట తీసుకున్నాను.