తెనాలి, బాపట్ల, రేపల్లె: ఇంటి చెట్లు, తుఫాను జాగ్రత్తలు

ఇంటి ఆవరణలోనూ వీధి గుమ్మం ముందూ పెరిగే చెట్లు గాలివానకు కూలకుండా ముందు చేసే పనులను, గాలి తగ్గాక దెబ్బతిన్న చెట్లను నిలబెట్టే పనులను కలిపి తుఫాను సంరక్షణ అనవచ్చు. గుంటూరు జిల్లాలోని తెనాలికి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలకు ఇది ఏటా అవసరమయ్యే పని. పెరడున్న ఇంట కొబ్బరో మామిడో మునగో ఉంటుంది. ప్రహరీ పక్కన వేప, కానుగ, బాదం ఉంటాయి. వాటి మధ్య నుంచే కరెంటు సర్వీసు వైరు ఇంట్లోకి వస్తుంది.

బంగాళాఖాతంలో తుఫానులు ప్రధానంగా ఏప్రిల్–జూన్, అక్టోబరు–డిసెంబరు నెలల్లో పుడతాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సుమారు 10 వేల మందిని బలిగొంది. లైలా 2010 మే 20న బాపట్ల దగ్గరే తీరం దాటింది. మిచాంగ్ 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్లకు దగ్గరలో తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఒక్కో విసురు 110 దాకా వెళ్లింది. గాలి వేగం రెట్టింపైతే చెట్టు మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే 50 కిలోమీటర్ల ఈదురుగాలికి ఏళ్ల తరబడి చెక్కుచెదరని చెట్టు 100 కిలోమీటర్ల గాలికి ఒక్క గంటలో పడిపోవచ్చు. తుఫాను కన్ను ఊరి మీదుగా వెళితే కాసేపు గాలి ఆగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. మొదటి విడతలో ఒకవైపు వదులైన వేర్లను రెండో విడత గాలి రెండోవైపు నుంచి పీకేస్తుంది.

నేల సంగతి

చెట్టు తుఫాను రోజునే కూలినా, కారణం అంతకు చాలా ఏళ్ల ముందే నేలలో మొదలై ఉంటుంది. తెనాలి, రేపల్లె పరిసరాల నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి సన్నవేర్లను తెంపుతుంది, వానకు ముద్దయి పట్టు వదిలేస్తుంది. ఈ కృష్ణా డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది. నీరు నిలిచిన మట్టిలో గాలి ఉండదు కాబట్టి వేరు లోతుకు దిగకుండా పైపొరలోనే పళ్లెంలా పరుచుకుంటుంది. ఆ పళ్లెంలో ఒకవైపు ప్రహరీ పునాదికో మురుగు కాల్వకో పైపులైనుకో తవ్వి వేర్లు నరికితే, చెట్టుకు ఆ వైపు ఆధారం పోయినట్టే. మొదలు చుట్టూ సిమెంటు పోసి గచ్చు చేయడం మరీ చెడ్డ అలవాటు. వేరుకు నీరూ గాలీ అందవు, మెల్లగా కుళ్లు పట్టినా పైకి తెలియదు. చెట్టు చుట్టూ కనీసం నాలుగైదు అడుగుల మట్టి పాదు వదలాలి.

బాపట్ల ఇసుక నేలలో వేరు సులువుగా లోతుకు వెళుతుంది గానీ, వాన దంచినప్పుడు ఇసుక జారిపోతుంది. సూర్యలంక వైపు సరుగుడు, తాడి, కొబ్బరి నిలదొక్కుకోవడం ఊరికే కాదు. కొబ్బరికి తల్లివేరు ఉండదు, మొదలు నుంచి తాళ్లలాంటి పీచువేర్లు వేలాదిగా పుట్టి నేలను పట్టుకుంటాయి. కాండం విరగకుండా వంగుతుంది. ఇంటి ముందు అందానికి నాటే తురాయి, నిద్రగన్నేరుల సంగతి దీనికి పూర్తిగా వేరు. వేర్లు పైపైనే పరుచుకుంటాయి, గొడుగు పెద్దది, తురాయి కొమ్మ పెళుసు. ఇంటికీ తీగలకూ దగ్గరగా వాటిని నాటకపోవడమే మంచిది.

తుఫానుకు ముందు

చాలా ఇళ్లలో తుఫాను హెచ్చరిక వినగానే మనిషిని పిలిపించి చెట్టును మోడు చేయిస్తారు. ఇది చెట్టుకు చేసే పెద్ద కీడు. మోడు మీద గుత్తులు గుత్తులుగా వచ్చే కొత్త రెమ్మలు లోపలి కలపతో ముడిపడవు, పైపొరకే అంటుకుని ఉంటాయి. మూడు నాలుగేళ్లలో అవి బరువెక్కి తర్వాతి తుఫానుకు మొదలంటా ఊడిపడతాయి. పైగా కోసిన చోట నీరు దిగి కాండం గుల్లబారుతుంది. మోడు చేయడానికి బదులు కొమ్మలను పలచన చేయించాలి. ఎండినవి, పుచ్చినవి, ఒకదానికొకటి రాసుకునేవి, డాబా మీదికి వాలినవి తీసేస్తే గాలి చెట్టులోంచి దూరిపోతుంది. ఒక ఏడాదిలో నాలుగో వంతుకు మించి ఆకు తీయకూడదు. ఈ పని వేసవిలోనో, మామిడికైతే కాయ కోశాక జూన్–జూలైలోనో చేయాలి. గాలి మొదలయ్యాక ఎవరినీ చెట్టెక్కించకూడదు.

లావు కొమ్మను కోసే పద్ధతి తెలిసి ఉండాలి. పైనుంచి ఒకే కోత పెడితే సగం తెగేసరికి కొమ్మ బరువుకు విరిగి, కాండం బెరడును బారెడు పొడుగున చీల్చుకుంటూ కిందపడుతుంది. ముందు కాండానికి మూరెడు దూరంలో కింది నుంచి పావు వంతు లోతుకు రంపం పెట్టాలి. దానికి కాస్త అవతల, కొమ్మ కొసవైపు, పైనుంచి కోస్తే కొమ్మ చీలకుండా పడుతుంది. మిగిలిన మొండిని మూడో కోతతో తీయాలి. కొమ్మ కాండాన్ని కలిసే చోట గాజులాంటి ఉబ్బు కనిపిస్తుంది. కోత సరిగ్గా దాని అంచునే పడాలి. గాయాన్ని మూసే కొత్త బెరడు ఆ ఉబ్బులోంచే పుడుతుంది, దాన్ని కాండానికి సమంగా చెక్కేస్తే గాయం మూసుకోదు.

పంగలను కూడా చూసుకోవాలి. రెండు కాండాలు వెడల్పుగా విడిపోయి ఉంటే భయం లేదు. ఇరుకుగా పక్కపక్కనే లేచి మధ్యలో బెరడు ఇరుక్కుని ఉంటే చెట్టు అక్కడే రెండుగా చీలుతుంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడే ఒకదాన్ని తీసేయాలి.

కొబ్బరికి ఎండుమట్టలు, ముదురు గెలలు దింపించాలి. పచ్చిమట్టలు నరికిస్తే చెట్టు నీరసిస్తుంది. మునగ మహా పెళుసు, కాపు అయ్యాక ఏటా మూడడుగుల ఎత్తుకు కొట్టించాలి. అరటికి పంగలకర్ర ఊతమివ్వాలి. కొమ్మ తీగలకు తగిలి ఉంటే సొంతంగా కొట్టించకుండా 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందిని పిలవాలి.

తుఫాను తర్వాత

ఉదయం తలుపు తీయగానే ముందు చూడాల్సింది తీగలు. పడిన చెట్టు కింద తెగిన తీగ ఉంటే, కరెంటు పోయిందనుకుని దగ్గరికి వెళ్లకూడదు. సగం విరిగి వేలాడే కొమ్మ కిందా, విల్లులా వంగి ఇరుక్కున్న కాండం పక్కనా నిలబడకూడదు. కోత పడగానే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం.

నిలబడి ఉన్న చెట్టు బాగానే ఉందనుకోవడం కూడా తొందరే. మొదలు దగ్గర నెలవంకలా మట్టి పగిలిందేమో, ఒకవైపు నేల లేచిందేమో చూడాలి. దూరంగా నిలబడి గమనిస్తే చిన్న గాలికే మొదలు దగ్గరి మట్టి పైకీ కిందికీ కదలడం తెలుస్తుంది. అలా కదిలితే వేర్లు తెగినట్టే, అలాంటి చెట్టు తర్వాతి గాలికి ఆగదు.

ఒరిగిన చిన్న చెట్లను రెండు మూడు రోజుల్లో లేపాలి. అప్పటిదాకా బయటపడ్డ వేర్లపై తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. చితికిన వేర్ల కొసలు నున్నగా కోసి, గొయ్యి కాస్త వెడల్పు చేసి, మెల్లగా నిలబెట్టి మట్టి తొక్కాలి. మూడు వైపులా గుంజలు పాతి పాత సైకిల్ ట్యూబుతో వదులుగా కట్టాలి. ఇనుపతీగ బెరడును కోసేస్తుంది. ఏడాది తర్వాత ఊతాలు తీసేయాలి. లేకపోతే చెట్టు సొంతంగా నిలబడడం నేర్చుకోదు. సగానికి పైగా వేర్లు తెగిన పెద్ద మామిడిని లేపినా ప్రమాదమే తప్ప ఫలితం ఉండదు.

ఆకంతా రాలి మోడులా కనిపించే చెట్టును చచ్చిందని కొట్టించేయడం అన్ని ఊళ్లలో జరిగే పొరపాటు. గోటితో సన్న కొమ్మ బెరడు గీకితే లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. నెల రోజులు ఆగితే చిగురిస్తుంది. ఈలోపు యూరియా వేయకూడదు. నిలిచిన నీరు బోదె తీసి పంపేసి, పాదు మట్టిని పైపైన గుల్ల చేస్తే చాలు. చీలిన గాయాలను నున్నగా చెక్కి బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనుప పాత్రలో కలపకూడదు, ప్లాస్టిక్ బకెట్టో మట్టికుండో వాడాలి.

కొబ్బరిలో మొవ్వును చూడాలి. మధ్య ఆకు లాగితే ఊడొచ్చి దుర్వాసన వేస్తే మొవ్వుకుళ్లు సోకినట్టు. కుళ్లినదంతా చెక్కేసి బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన పడకుండా కప్పాలి. గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు కూడా వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటలు కూలిన తీరు చూసినవారికి ఒక్క కొబ్బరిచెట్టును కాపాడుకోవడం ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. నాటిన మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు, దేశవాళీ రకమైతే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

సముద్రపు నీరు చొరబడిన తీరప్రాంత పెరళ్లలో ఆకులను మంచినీటితో కడగాలి. పాదును ఒకటి రెండుసార్లు మంచినీటితో నింపి ఆ నీటిని బయటికి తీసేస్తే ఉప్పు దిగిపోతుంది. సందేహం ఉంటే ఉద్యాన శాఖ అధికారిని అడగవచ్చు. నిలబడి ఉన్న చెట్టును నరికించాలంటే 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం కింద సాధారణంగా ముందుగా అనుమతి కావాలి.

పోయిన చెట్టు చోట వెంటనే నీడ కావాలని నర్సరీ నుంచి నిలువెత్తు మొక్క తెచ్చేవారు కవరు చించి వేర్లు చూడాలి. చాలాకాలం కవరులో ఉన్న మొక్కకు వేర్లు చుట్ట చుట్టుకుని ఉంటాయి. నాటాక కూడా అలాగే తిరుగుతాయి తప్ప నేలను పట్టుకోవు. వేరు తిరగని రెండడుగుల వేప లేదా కానుగ మొక్కను తొలకరి వానలకు, ఇంటికీ తీగలకూ ఎడంగా నాటితే, అది ఆ నిలువెత్తు మొక్క కంటే గట్టిగా నిలదొక్కుకుంటుంది.