ఆటుపోటుల నడుమ గీసిన గీత

బహ్రెయిన్‌కు, ఖతార్‌కు నడుమనున్న లోతు తక్కువ సముద్రంలో కితాత్ జరాదా అనే చిన్న ఇసుక తిన్నె ఉంది. ఆటు వేళ దాని పొడవు సుమారు 600 మీటర్లు, వెడల్పు 75 మీటర్లు. పోటు వచ్చినప్పుడు మిగిలేది 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. అప్పుడు నీటికి పైన కనిపించే ఎత్తు 40 సెంటీమీటర్లు. మనిషి మోకాలి దాకా కూడా రాని ఈ నేల గురించి హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం 2001 మార్చి 16న తీర్పు చెప్పింది: ఇది ద్వీపమే, దీనిపై సార్వభౌమాధికారం బహ్రెయిన్‌దే. పన్నెండుమంది న్యాయమూర్తులు అవునన్నారు, అయిదుగురు కాదన్నారు.

న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పును సముద్ర సరిహద్దుల పాఠంగా చదువుతారు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు దీనిని గల్ఫ్ తీరపు రెండు శతాబ్దాల కథగా చదువుకోవచ్చు. ముత్యాలు, చమురు, వలస పాలకుల ఉత్తరాలు, దొంగ పత్రాలు, అన్నీ ఇందులో ఉన్నాయి.

కథకు మొదలు 1783. ఆ ఏడు అల్ ఖలీఫా వంశం ఖతార్ తీరంలోని జుబారా నుంచి వచ్చి బహ్రెయిన్‌ను వశపరచుకుంది. తాము విడిచి వచ్చిన జుబారా మీద మమకారం ఆ వంశాన్ని తరతరాలుగా వదలలేదు. 1868లో బ్రిటిషువారు అటు బహ్రెయిన్ పాలకుడితోను, ఇటు అల్ థానీ నాయకుడితోను వేర్వేరుగా ఒప్పందాలు రాయించుకున్నారు. ఒకే తీరాన్ని రెండు అధికారాలుగా చూడడం అక్కడినుంచి స్థిరపడింది. అయితే నీటి మీద గీత గీయవలసిన అవసరం అప్పటికి ఎవరికీ కలగలేదు. 1932లో బహ్రెయిన్‌లోని జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. ఏ దిబ్బ ఎవరిదో తేలనిదే ఏ కంపెనీకి ఎవరు అనుమతి ఇవ్వాలో తేలదు. అంతవరకు చేపలు పట్టేవారికి, పక్షులకు మాత్రమే పట్టిన దీవులు దస్తావేజులకెక్కాయి.

వాటిలో ముఖ్యమైనవి హవార్ దీవులు. అవి ఖతార్ తీరానికి కూతవేటు దూరంలో ఉన్నాయి, బహ్రెయిన్‌కు మాత్రం దూరం. అయినా 1939 జూలై 11న బ్రిటిష్ అధికారులు అవి బహ్రెయిన్‌కే చెందుతాయని నిర్ణయించి ఇద్దరు పాలకులకూ ఉత్తరాలు పంపారు. ఖతార్ పాలకుడు షేక్ అబ్దుల్లా మరుసటి నెలలోనే అభ్యంతరం తెలిపాడు. అరవై ఏళ్ళ తరువాత హేగ్ న్యాయస్థానం ఆ నిర్ణయాన్నే ఆధారం చేసుకుంది. అది మధ్యవర్తి తీర్పు కాకపోయినా, బ్రిటిషువారు నిర్ణయించడానికి ఇద్దరు పాలకులూ సమ్మతించారు గనుక ఇద్దరినీ కట్టిపడేస్తుందని చెప్పి, హవార్‌ను బహ్రెయిన్‌కు ఇచ్చింది. జుబారా మాత్రం ఏకగ్రీవంగా ఖతార్‌కు దక్కింది. బెజావీ, రంజేవా, కొరోమా అనే ముగ్గురు న్యాయమూర్తులు కలిసి రాసిన భిన్నాభిప్రాయంలో ఆ సమ్మతి నిజంగా అన్నీ తెలిసి ఇచ్చినదేనా అని నిలదీశారు. ముగ్గురూ ఆఫ్రికా ఖండంవారు. ముగ్గురి దేశాలూ ఒకనాడు వలస పాలన కింద ఉన్నవే.

ఈ వ్యాజ్యంలో అందరినీ నివ్వెరపరచిన ఘట్టం పత్రాలది. 1991 జూలైలో దావా వేసిన ఖతార్, తన వాదనకు మద్దతుగా ఎన్నో పాత పత్రాలను సమర్పించింది. వాటిలో 82 పత్రాలు నకిలీవని 1997లో బహ్రెయిన్ ఎత్తిచూపింది. నిపుణుల పరిశీలన తరువాత ఖతార్ వాటిని వాదనలో వాడబోనని చెప్పుకుంది. న్యాయస్థానం 1999 ఫిబ్రవరిలో ఆ మాటను నమోదు చేసి ముందుకు సాగింది. వాటిని ఎవరు తయారుచేశారన్న విచారణలోకి దిగలేదు. చరిత్రకారుడైతే ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉండేవాడు. న్యాయమూర్తికి తీర్పు ముఖ్యం, ఎక్కడో ఒకచోట కథ ముగించాలి.

ముత్యాల సంగతి ఇంకా బరువైనది. తరతరాలుగా ఆ సముద్రపు ముత్యాల దిబ్బలు తమవేనని, కాబట్టి గీత వాటిని కలుపుకొని పోవాలని బహ్రెయిన్ వాదించింది. న్యాయస్థానం ఒప్పుకోలేదు. ముత్యాల వేట ఏనాడో ఆగిపోయిందని, అది సాగిన రోజుల్లో కూడా ఆ తీరవాసులందరి ఉమ్మడి హక్కుగానే ఉండేదని చెప్పింది. ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని అడుగుకు దిగిన మనుషుల శ్రమకు ఆ పటంలో చోటు దొరకలేదు. హైదరాబాదు పత్తర్‌గట్టీ అంగళ్ళలో బస్రా ముత్యాలన్న పేరుతో అమ్ముడైనవి ఈ సముద్రపు ముత్యాలే. జపాను పెంపకపు ముత్యాలు, 1929 నాటి ఆర్థిక మాంద్యం కలిసి ఆ వేటను దెబ్బతీశాయి. 2012లో యునెస్కో ముహర్రఖ్ పట్టణంలోని వర్తకుల ఇళ్ళను, సముద్రంలోని ముత్యపు చిప్పల దిబ్బలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గీతను కదల్చలేని జ్ఞాపకానికి గౌరవమైనా దక్కింది.

తీర్పు వెలువడిన రోజుల్లో సముద్ర న్యాయానికి మరో పెద్ద పీఠమైన హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడు తెలుగువాడు. భారత ప్రభుత్వ న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేసిన పాటిబండ్ల చంద్రశేఖరరావు 1996లో ఆ ట్రిబ్యునల్ తొలి న్యాయమూర్తులలో ఒకరుగా చేరి, 1999 నుంచి 2002 దాకా అధ్యక్ష స్థానంలో ఉన్నారు. ఐరిష్ సముద్రంలోకి అణు ఇంధన కర్మాగారపు వ్యర్థాలు చేరతాయని ఐర్లండ్ బ్రిటన్ మీద వేసిన దావాలో, ఇరుదేశాలూ సమాచారం పంచుకొని సహకరించుకోవాలని 2001 డిసెంబరులో ట్రిబ్యునల్ ఆదేశించింది ఆయన అధ్యక్షతనే. సముద్రానికి హద్దులు గీయడం ఒక న్యాయం, గీత దాటి పారే మురికిని ఆపడం మరో న్యాయం అని ఆ ఒక్క ఏడాదిలోనే ఈ రెండు పీఠాలూ చూపాయి.

రెండో న్యాయం అవసరం బహ్రెయిన్ నీళ్ళకూ ఉంది. హవార్ దీవుల మీద సొకోత్రా నీటికాకులు పెద్ద సంఖ్యలో గూళ్ళు పెడతాయి. అక్కడి సముద్రపు గడ్డి మేస్తూ సముద్రపు ఆవులు తిరుగుతాయి. 1986లో బహ్రెయిన్, ఖతార్‌ల నడుమ ఆరువందలకు పైగా సముద్రపు ఆవుల మంద పరిశోధకుల కంట పడింది. ఆ మందకు ఏ దేశపు జలాలలో మేస్తున్నదీ తెలియదు. న్యాయస్థానం ఓడల విషయంలో మాత్రం జాగ్రత్త పడింది. హవార్‌కు, బహ్రెయిన్‌లోని మిగిలిన దీవులకు నడుమ ఖతార్ నౌకలు నిరపాయంగా సాగిపోవచ్చని స్పష్టంగా రాసింది.

తిన్నె కథ ఇంకా ముగియలేదు. పోటుకు పైన కనిపించే నేలకు దాని చుట్టూ 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాలు ఉంటాయని చట్టం. ఆటు వేళ మాత్రమే తేలే దిబ్బను ఏ దేశమూ నేలగా సొంతం చేసుకోలేదు. ఫష్త్ అద్ దిబల్ అలాంటిదే, అది ఖతార్ జలాలలోకి పోయింది. జరాదా ద్వీపమే అయినా అంత చిన్న నేలకు గీతను తోసే బలం ఉండరాదని న్యాయస్థానం భావించి, దానికి తూర్పున ఆనుకొనే గీత గీసింది. పేరుకు ద్వీపం, ఫలానికి ఇసుక తిన్నె. సముద్రమట్టం పెరుగుతున్న కాలంలో 40 సెంటీమీటర్ల ఎత్తు ఎన్నాళ్ళుంటుంది? మన బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్‌లు తగవులాడుకున్న న్యూమూర్ దిబ్బ పూర్తిగా మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించారు. తగవు మిగిలింది గాని నేల మిగలలేదు. సముద్రమట్టం పెరిగితే హద్దులు ఏమవుతాయన్న ప్రశ్నను అంతర్జాతీయ న్యాయ సంఘం 2019లో తన అధ్యయనాంశాలలో చేర్చుకుంది.

రెండు దేశాలూ తీర్పును అంగీకరించాయి, యుద్ధం తప్పింది. అది చిన్న విషయం కాదు. కాని గీత దాటారంటూ ఖతార్ తీరరక్షకులు బహ్రెయిన్ చేపల పడవలను ఆపడం 2020, 2021లలో కూడా వివాదమైంది. ఆ తీరపు పడవల మీద పనిచేసేవారిలో పొట్టకూటికి వచ్చిన భారతీయులు ఎందరో. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌కు వలసపోయిన మత్స్యకారులు 2018లో ఇలాగే గీత దాటి పాకిస్తాన్‌కు పట్టుబడి, ఏడాది దాటాక 2020 జనవరిలో వాఘా గుండా ఇంటిముఖం పట్టారు. హేగ్‌లో గీసినా, మరోచోట గీసినా, ఆ గీత పటం మీదే కనిపిస్తుంది. వల వేసేవాడికి కనిపించేది నీళ్ళే.