రోగి మాటకు చోటిచ్చిన ఓ.పి.: ఉపశమన సేవ చరిత్ర నుండి ఒక పాఠము

కాన్సరు ఆసుపత్రి ఓ.పి.లో రోగి గంటల తరబడి వేచియుంటాడు. వైద్యుని యెదుట అతనికి దొరికేది కొద్ది నిమిషములే. ఆ నిమిషములలో పరీక్షింపబడేది కణితి మాత్రమేనా, లేక దానిని మోస్తున్న మనిషి కూడానా? ఈ ప్రశ్నకు ఉపశమన సేవ చరిత్ర ఇచ్చిన జవాబును పరిశీలిద్దాము.

లండనులో ఆరంభము

సిసిలీ సాండర్స్ (1918–2005) మొదట నర్సు, తరువాత ఆసుపత్రి సామాజిక కార్యకర్త. ఆమె పరామర్శించిన డేవిడ్ తాస్మా అనే పోలండు యూదుడు 1948లో కాన్సరుతో మరణించాడు. ఆమె స్థాపించబోయే గృహములో తానొక కిటికీగా ఉండాలని ఆమెకు 500 పౌండ్లు విడిచి వెళ్ళాడు. ఆమె వైద్యవిద్య నేర్చి 1957లో డాక్టరయ్యారు. రోగుల మాటలను టేపుపై రికార్డు చేసి, శ్రద్ధగా విన్నారు. శరీరము, మనస్సు, కుటుంబ పరిస్థితులు, ఆత్మ - ఈ నాలుగింటి బాధ కలిసియున్నదే 'సమగ్ర వేదన' అని ఆమె బోధించారు. నొప్పి తిరిగి వచ్చేవరకు ఆగక, వేళ ప్రకారము మార్ఫిన్ ఇవ్వాలన్నారు. 1967లో ఆమె ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్, 1969లో రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవచేయడము మొదలుపెట్టింది.

కోళికోడ్ మార్గము

మన దేశములో రోగులందరికీ పడకలు సమకూర్చడము సాధ్యము కాదు. 1993లో కేరళలోని కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వారి మిత్రులు ఓ.పి. క్లినిక్కుతోనే ఉపశమన సేవ ఆరంభించారు. నోటి ద్వారా తీసుకొనే మార్ఫిన్ ఇచ్చి రోగిని ఇంటికి పంపేవారు. శుశ్రూష ఎలా చేయాలో ఇంటివారికి నేర్పేవారు. వైద్యులు కాని వాలంటీర్లు రోగుల ప్రక్కన కూర్చుండి వారి కష్టసుఖములు వినేవారు. తరువాతి కాలములో ఈ సేవ ఊరూరా వాలంటీర్ల బృందములుగా విస్తరించింది. 2008లో కేరళ ప్రభుత్వము ఉపశమన సేవా విధానమును ప్రకటించింది.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన మార్ఫిన్ దొరకడము కష్టమైంది. 2014 సవరణ ఆ నిబంధనలను సులభతరము చేసింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో 2006లో ఉపశమన సేవా విభాగము ఆరంభమైంది.

కాపరులకు దీని అర్థము

ఈ చరిత్రలో మార్పు తెచ్చినవి పెద్ద భవనములు కావు. రోగిని అడగడము, అతడు చెప్పేది వినడము అలవాటుగా మారడమే మార్పు తెచ్చింది. అయితే మన పరామర్శలు తరచుగా ఎలా ఉంటున్నాయి? రోగము పేరు చెప్పవద్దని ఇంటివారు మనతో గుసగుసలాడతారు. మనము త్వరగా ప్రార్థించి లేచిపోతాము. అప్పుల గురించి, పిల్లల చదువు గురించి, మాటలు లేని అన్నదమ్ముని గురించి రోగి చెప్పదలచినది అతనిలోనే మిగిలిపోతుంది. బర్తిమయి గ్రుడ్డివాడని అందరికీ కనబడుచున్నను, యేసు అతని కోరిక ఏమిటో అతని నోటనే విన్నారు (మార్కు 10).

నొప్పి మందు వేసుకొనుట అవిశ్వాసము కాదని మనము సంఘములో స్పష్టముగా బోధించాలి. ఆ మాట కాపరి నోట రానందున ఏ విశ్వాసియు రాత్రంతా నొప్పితో మూలుగుచు ఉండకూడదు. ప్రార్థనకు ముందు రోగిని ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేవరకు కూర్చుందాము.