నిప్పుపై నీరు: ఒక లైసెన్సు చరిత్ర

నయాపూల్ మీద నిలిచి చూచువారికి మూసీ దక్షిణపుటొడ్డున హైకోర్టు గోపురములు, ఉత్తరపుటొడ్డున ఉస్మానియా ఆసుపత్రి కానవచ్చును. పేరు కొత్తవంతెనయే గాని, ఇది అఫ్జలుద్దౌలా నవాబు కాలమునాటిది. 1578లో కట్టిన పురానాపూల్‌తో పోల్చినప్పుడే దీనికి కొత్తదనము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ తీరమునెల్ల ముంచివేసెను. మరుసటియేడు నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన సలహాయే ఉస్మాన్‌సాగరుకును, హిమాయత్‌సాగరుకును మూలమైనది. వరద తీసిన పిమ్మట పాలకులు వేసిన ప్రశ్న, "పని తెలిసినవాడెవడు?" అని. అగ్నిభయము విషయమున ఈ ప్రశ్న పుట్టుటకు చాలకాలము పట్టినది. ఆ ఆలస్యము కథయే నేటి మా ప్రసంగము.

నిప్పు పుట్టినచోటనే తనంతట తాను నీరు చల్లు సాధనమును స్ప్రింక్లరు అందురు. అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున హెన్రీ పార్మలీ అను పియానోల తయారీదారు 1874లో తన కర్మాగారమును కాపాడుకొనుటకై దీనిని అమర్చుకొనెను. ఇప్పటి స్ప్రింక్లరు ముఖమున చిటికెనవ్రేలికన్న సన్నని గాజుగొట్టము, అందులో కొంచెము ద్రవము ఉండును. ఎఱ్ఱ ద్రవము గలది సుమారు 68 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి పగులును. పగులగానే నీరు దిగును. సినిమాలలో ఒక్కసారిగా ఇల్లంతయు వాన కురియుట చూచి పలువురు భ్రమపడుచుందురు. సాధారణముగా వేడి సోకిన ముఖము మాత్రమే తెరచుకొనును, తక్కినవి మూసికొనియే యుండును.

ఇంత సులువైన యంత్రము చెడుటయు అంత సులువే. వాల్వు మూసి మరచిపోవచ్చును. పంపునకు విద్యుత్తు అందకపోవచ్చును. గోడలకు రంగువేయువాడు గాజుగొట్టమునకు కూడ ఒక పూత పూసిపోవచ్చును. ఫాల్సు సీలింగు కట్టువాడు స్ప్రింక్లరునే కప్పివేయవచ్చును. గొట్టములు ఎంత లావు ఉండవలెనో లెక్క తెలియక సన్ననివి బిగించినచో, కొసనున్న ముఖమునకు నీరు చుక్కలుగా వచ్చును. మంచినీటి కొళాయి కారినచో ఇల్లాలు ఆనాడే కనిపెట్టును. ఈ గొట్టములోని తప్పు మాత్రము, అగ్ని పుట్టిన రాత్రి దాక ఎవరికిని తెలియదు. అందుచేతనే బిగించినవాని పేరు ఎక్కడనో వ్రాసియుండవలెనని మా అభిప్రాయము.

ఈ పేరును మొదట అడిగినది ప్రభుత్వములు కావు, బీమా కంపెనీలు. నూలుమిల్లులు కాలినప్పుడు డబ్బు చెల్లించునది వారే గదా! మనదేశమున టారిఫ్ అడ్వయిజరీ కమిటీ స్ప్రింక్లర్లకు నిబంధనలు అచ్చువేయించి, అవి పాటించినవారికి ప్రీమియములో తగ్గింపు నిచ్చుచుండెను. 2007 జనవరిలో అగ్నిబీమా ధరలపై ఆ కట్టుబాటు తొలగిపోయెను.

ప్రభుత్వమునకు లైసెన్సు సంగతి తెలియకపోలేదు. ఆవిరి బాయిలర్లకు 1923లోనే చట్టము వచ్చెను. 1956 నాటి విద్యుత్ నియమములలో 45వది, ఇంటిలో తీగ లాగు పని లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే జరుగవలెననెను. నిప్పు పుట్టించగల తీగకు అంత కట్టడి. ఆ నిప్పును ఆర్పవలసిన గొట్టము విషయమున చాలకాలము కంటిచూపు కట్టడముపైననే గాని పనివానిపై లేదు. 1999లో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టము వచ్చెను. 2014 తరువాత తెలంగాణము దానినే స్వీకరించెను. నివాసభవనము 18 మీటర్లు, వ్యాపారభవనము 15 మీటర్లు ఎత్తైనచో యజమాని నిరభ్యంతర పత్రము తెచ్చుకొనవలెను. ఇది కట్టించువానిని అడుగు ప్రశ్న.

పొరుగున మహారాష్ట్రము 2006 నాటి చట్టముతో మరియొక అడుగు వేసెను. అచట అగ్నిరక్షణ సాధనములు అమర్చువారు లైసెన్సు పొందిన ఏజెన్సీ కావలెను. అవి పనిచేయుచున్నవని యేటేట జనవరిలోను, జూలైలోను ఆ ఏజెన్సీయే ధ్రువీకరించవలెను. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క పద్ధతి. టెక్సాసులో స్ప్రింక్లరు పని చేయు సంస్థకు లైసెన్సు గల ఒక బాధ్యుడు ఉండి తీరవలెను. సంస్థ చాటున వ్యక్తి దాగుటకు వీలులేని ఈ పద్ధతియే మాకు నచ్చినది.

ఇక మరల మన వంతెన యొద్దకు వత్తము. 2009 ఆగస్టు 31 రాత్రి ఆ దక్షిణపుటొడ్డుననే హైకోర్టు భవనములో మంటలు లేచి గ్రంథాలయమును కాల్చివేసెను. 1920లో తెరచిన కట్టడమది. స్ప్రింక్లర్ల ఊసు తలపెట్టని కాలపు నిర్మాణము. పాతబస్తీలో ఇట్టివే అధికము. వంతెన దిగి, మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టీ దాటి చార్మినారు వైపు నడచినచో గుల్జార్‌హౌజ్ వచ్చును. క్రింద దుకాణము, పైన కాపురము, ఇదియే ఆ వీధుల తీరు. అచట 2025 మే 18 ఆదివారము తెల్లవారి ఒక ఇంట నిప్పు పుట్టి 17 మంది మరణించిరి; వారిలో 8 మంది పిల్లలు.

మేము చెప్పిన లైసెన్సు ఉన్నను ఆ ఇంటికి అది చేరియుండదని ఒప్పుకొనవలెను. అది గ్రౌండు ఫ్లోరుపై రెండంతస్తులది. 15 మీటర్ల లెక్కకు అందునది కాదు. విద్యుత్ షార్టు సర్క్యూటే కారణమని అధికారులు మొదట చెప్పిరి; అనగా 1956 నుండి లైసెన్సు గల పనిలోనే మొదలు పుట్టినది. నియమము పుస్తకములో నుండుట వేరు, ఎప్పుడో లాగిన తీగను, తరువాత దానికి తగిలించిన యంత్రముల భారమును ఎవరైన వచ్చి చూచుట వేరు. మహారాష్ట్రమువారు యేటికి రెండుమార్లు అడుగు కాగితము విలువ మాకు ఇక్కడనే తెలిసివచ్చినది. ఆ ఇంటిలోనికి పోవు దారి రెండు మీటర్ల వెడల్పున సొరంగమువలె ఉండెను. పై అంతస్తులకు మెట్లదారి ఒక్కటే. దాని వెడల్పు ఒక మీటరు.