లాకు: కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక ఆంగ్ల పదం అర్థచరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో చేరిన ఆంగ్ల పదాలను సాధారణంగా పాలన, విద్య, న్యాయస్థానం, రైలు వంటి రంగాలవారీగా వర్గీకరిస్తారు. ఒకే పదం ఒకే భాషలోకి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దారుల్లో ప్రవేశించిన సందర్భాలు ఈ వర్గీకరణకు అందవు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వ్యవహారంలో ఉన్న ‘లాకు’ అటువంటి పదం. దాని అర్థపరిణామాన్ని డెల్టా నీటి చరిత్రతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలార్థాలు

ఆంగ్లంలో ‘లాక్’ పదానికి మూలార్థం మూసి ఉంచే సాధనం, మూసిన చోటు. తలుపు తాళం, తుపాకీ మీట, మల్లయుద్ధంలో పట్టు, కాలువలో నీటిని నిలిపే కట్టడం అన్నీ ఈ మూలానికి చెందినవే. వెంట్రుకల పాయను సూచించే ‘లాక్’ రూపంలో ఒకటే అయినా దాని వ్యుత్పత్తి వేరు. ఇంటి తలుపు విషయంలో తెలుగుకు ఆంగ్ల పదం అవసరం కలగలేదు. కోస్తాలో తాళంకప్ప, రాయలసీమలో బీగం అప్పటికే ఉన్నాయి. పేరు లేని కొత్త వస్తువు కాలువ మీద వెలిసింది. పదం దానితోపాటు వచ్చింది.

కాలువతో వచ్చిన మాట

విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ సీతానగరం వద్ద బయలుదేరి దుగ్గిరాల దగ్గర శాఖలుగా చీలుతుంది. ఈ కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకూ అనువుగా తవ్వారు. కొమ్మమూరు కాలువ బాపట్ల వైపు సాగి పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఆ మార్గంలో సరుకు పడవలు మద్రాసు దాకా వెళ్లేవి.

కాలువ పల్లానికి దిగే చోట ఎగువ, దిగువ నీటిమట్టాలు సమంగా ఉండవు. పడవ ఆ తేడాను దాటడానికి రెండు జతల తలుపుల నడుమ ఒక తొట్టి కట్టారు. పడవ తొట్టిలోకి రాగానే వెనుక తలుపులు మూసి, నీటిని నింపో వదిలో ముందు మట్టానికి తెచ్చి, ముందు తలుపులు తెరుస్తారు. ఈ కట్టడమే లాకు. తలుపులు జతలుగా ఉండడం, పక్కనే నీటిని నియంత్రించే షట్టర్లు ఉండడం వల్ల కాబోలు, వ్యవహారంలో బహువచనమే స్థిరపడింది: దుగ్గిరాల లాకులు, సీతానగరం లాకులు.

అర్థవ్యాకోచం

1899లో విజయవాడ, మద్రాసుల మధ్య రైలుమార్గం పూర్తయి తెనాలి, బాపట్ల దానిపై నిలిచాయి. 1916లో గుంటూరు–రేపల్లె మార్గం వచ్చింది. తరువాత రోడ్లు పెరిగాయి. పడవ క్రమంగా తప్పుకుంది గాని పదం నిలిచింది. అర్థం పడవ దారి నుంచి పక్కనున్న షట్టర్లకు జరిగింది. ‘లాకులు ఎత్తారు’ అంటే నేడు నీరు వదిలారని అర్థం. షట్టర్లను ఎత్తి దించే ఉద్యోగిని లస్కరు అంటారు. సైన్యాన్ని తెలిపే పారసీ పదం ఓడ కళాసీలకు చెల్లి, చివరకు కాలువగట్టు చేరింది.

రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు భూముల రైతుకు ఈ మాట మరింత బరువైనది. ఎగువ లాకుల వద్ద ఎంత నీరు ఆగితే దిగువ చేలకు అంత తగ్గుతుంది. వంతుల కాలంలో లాకు నీటి హక్కుకు సరిహద్దు. మూడో దశలో పదం స్థలనామమైంది. విజయవాడలో బందరు లాకులు, ఏలూరు లాకులు అంటే కట్టడంతోపాటు ఆ కూడలి కూడా.

రెండో రాక

ఇదే ఆంగ్ల పదం లాకప్, లాకర్, లాకౌట్ రూపాల్లో మళ్లీ వచ్చింది. 2020 మార్చి 25న దేశవ్యాప్తంగా అమలులోకి వచ్చిన లాక్‌డౌన్ దానిని ఇంటింటి మాట చేసింది. ఇక్కడ ధ్వనిభేదం గమనించదగినది. కాలువ మీది పదం ఉకారాంతమై ‘లాకు’గా తెలుగు స్వభావాన్ని పొందింది. ఫోనుకు వేసేది హలంతంగా ‘లాక్’గానే వినిపిస్తుంది. మొదటిది చెవి ద్వారా, పని ద్వారా వచ్చింది. రెండోది చదువు ద్వారా, యంత్రం ద్వారా వచ్చింది. అర్థాలూ ఎదురెదురుగా నిలిచాయి. కొత్త ‘లాక్’ దారి మూస్తుంది, పాత ‘లాకు’ మూసి దారి ఇస్తుంది.

ముగింపు

‘లాకు’ను ‘తాళం’ అన్న ఒక్క అర్థంతో నిఘంటువులో చేర్చితే డెల్టా జలరవాణా చరిత్ర, శివారు రైతు నీటి అనుభవం రెండూ జారిపోతాయి. కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలు 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగమయ్యాయి. ఆ మార్గం పూర్తిగా సిద్ధమైతే పదం తొలి అర్థం మళ్లీ వాడుకలోకి రావచ్చు. ఈలోగా పడవ నడిపినవారి, లస్కర్ల, శివారు రైతుల నోటి మాటలను ప్రయోగాలతో సహా సేకరించడం మాండలిక పరిశోధకుల తక్షణ కర్తవ్యం. పడవ ఎక్కిన తరం ఇప్పటికే వృద్ధాప్యంలో ఉంది.