పనుల నడుమ వైరాగ్యము

వైరాగ్యమనగానే మనకు కాషాయవస్త్రమును, కొండగుహయు స్ఫురించును. ఇల్లు, ఉద్యోగము, బిడ్డలు గలవారికి అది అందనిదని తలంచి ఊరకుందుము. ఈ తలంపు సరికాదనుటకు స్పెయిను దేశస్థుడైన లొయోలా ఇగ్నేషియసు చరిత్రము చక్కని నిదర్శనము.

ఆతడు మొదట కీర్తికాముడైన యోధుడు. 1521 మే నెలలో ఫ్రెంచివారు పాంప్లోనా కోటను ముట్టడించినప్పుడు ఫిరంగిగుండు తగిలి కాలు విరిగెను. అతికిన యెముక వికారముగా నున్నదని, సొగసుకొఱకు దానిని కోయించుకొనెను! మంచముపై నుండి వీరగాథల నడుగగా, అవి యింట లేకపోవుటచే క్రీస్తు చరిత్రమును, భక్తుల చరిత్రములను ఇచ్చిరి. అప్పుడాత డొక విషయము కనిపెట్టెను. కీర్తిని గూర్చిన యూహలు మొదట తీయగానుండి, పిదప మనస్సును ఎండగట్టుచుండెను. భక్తులను గూర్చిన యూహలు ముగిసిన తరువాతను సంతోషమునే మిగుల్చుచుండెను. ఆత్మపరీక్షకు ఇదియే నాంది.

1522లో మన్రెసా పట్టణమున ఘోరతపస్సు చేసెను. గోళ్లు, జుట్టు పెంచెను, ఉపవాసములతో కృశించెను. శాంతి కలుగకపోగా ప్రాణత్యాగపు తలంపు సయితము పుట్టెను. తుదకా విపరీతాచారములను మానెను. అచటి యనుభవము మూలముగా వెలసిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ అను గ్రంథమును 1548లో పోపు ఆమోదించెను.

ఆరోగ్యమునుగాని రోగమునుగాని, కలిమినిగాని లేమినిగాని ముందుగా కోరుకొనక, దైవసేవకు తోడ్పడుదానినే గైకొనవలెనని అందలి బోధ. మన గీతలోని సమత్వమును ఇది తలపించును. మనస్సును అట్లు నిలుపుకొనుటకు మధ్యాహ్నమును, రాత్రియు ఆత్మపరీక్షను విధించెను: పొందిన మేళ్లకు కృతజ్ఞత, వివేకముకై ప్రార్థన, గంటగంటకు నడచిన నడత విచారణ, క్షమాయాచన, దిద్దుకొను సంకల్పము. మానదలచిన దోషము జరిగినప్పుడెల్ల గీతపై చుక్క పెట్టి, నిన్నటి లెక్కను నేటి లెక్కతో పోల్చవలయును. వర్తకుని చిట్టాయు నింతకంటె నిక్కచ్చిగా నుండదు. చదువుకొనువారు దీర్ఘధ్యానములకు బదులు సంభాషణమునందును, నడకయందును, వినుటయందును దైవమును వెదకవలెనని 1551లో లేఖ వ్రాయించెను.

ఇంత సాధించినవాడు చలింపడా? 1555లో, తనకు అనుకూలుడు కాని కరాఫా పోపుగా ఎన్నికయ్యెనని విని, ఆతని యెముకలన్నియు కంపించెనట. మాటాడక లేచి ప్రార్థనాలయమునకు పోయి, కొంతసేపటికి ప్రసన్నుడై తిరిగివచ్చెను. కంపించిన మనస్సు ఎంత త్వరలో స్వస్థానమునకు వచ్చునన్నదే వైరాగ్యమునకు కొలత.

బడినుండి విసుగుతో వచ్చి బిడ్డలపై కోపించు నావంటి ఉపాధ్యాయునికి, రాత్రి దీపమార్పుటకు ముందు ఈ లెక్క చూచుకొనుటకు పావుగంట దొరకదా?